విలన్ లేని సినిమాల్లోనే అసలు టెన్షన్

మన దగ్గర సీరియస్ సినిమా అనగానే రెండు ముద్రలు సిద్ధంగా ఉంటాయి. ఒకటి సందేశాత్మక చిత్రం, రెండోది ట్విస్టుల థ్రిల్లర్. మొదటిది చూసి బయటికొచ్చినవాడు "మంచి సినిమా అండీ, అందరూ చూడాలి" అంటాడు, తను మాత్రం రెండోసారి చూడడు. రెండోది చూసినవాడు "ట్విస్ట్ అదిరింది" అంటాడు, వారం తిరిగేసరికి కథే గుర్తుండదు. నన్ను కదలకుండా కూర్చోబెట్టి, ఇంటికొచ్చాక కూడా వదలని సినిమాలకి ఈ రెండు ముద్రలూ అతకవు. అవన్నీ ఒక్కొక్కటిగా తలుచుకుంటే అన్నిట్లో ఒకటే కనిపిస్తోంది: విలన్ ఉండడు. తప్పు జరుగుతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అయినా ఇదిగో వీడి వల్లే అని వేలు చూపించి చేతులు దులుపుకునే వీలుండదు. ఆలోచింపజేసే సినిమా ఒక పక్కా, ఊపిరి బిగబట్టి చూసే సినిమా ఇంకో పక్కా అని మనం చేసుకున్న పంపకం నాకు ఒప్పుదల కాదు. తప్పెవరిదో తేలకపోవడాన్ని మించిన టెన్షన్ సినిమాలో ఇంకేముంటుంది?

ఇరాన్ దర్శకుడు అస్ఘర్ ఫర్హాదీ తీసిన 'ఎ సెపరేషన్' (2011) నేను మొదట చూసింది బంజారాహిల్స్‌లోని లామకాన్‌లో, చేతిలో టీ గ్లాసుతో. ఆస్కార్ వచ్చిన సినిమా అని తెలుసు కాబట్టి నెమ్మదిగా, గంభీరంగా ఉంటుందనుకున్నాను. అరగంట అయ్యేసరికి చేతిలో టీ చల్లారిపోయింది.

కథ మన పక్క ఫ్లాట్‌లో జరిగేలాంటిదే. సిమీన్‌కి కూతురిని తీసుకుని దేశం వదిలి వెళ్ళాలని ఉంది, వీసా గడువు 40 రోజులే మిగిలింది. భర్త నాదెర్ రానంటాడు, తండ్రికి అల్జీమర్స్. ఆమె పుట్టింటికి వెళ్ళిపోతుంది. ముసలాయన్ని చూసుకోవడానికి రజియా అనే ఆమె పనికి కుదురుతుంది. గర్భిణి, పేదది, దైవభయం ఉన్నది. మొగుడికి చెప్పకుండా వస్తోంది, చంకన చిన్న కూతురు. మొదటిరోజే పెద్దాయన బట్టలు పాడుచేసుకుంటాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. మీరే మార్చుకోండి బాబూ అని బతిమాలుతుంది, ఆయనకి చేతకాదు. పరాయి మగాణ్ణి ముట్టుకుని శుభ్రం చేస్తే పాపమా అని ఆమె మతపెద్దల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తుంది. పెద్దాయన పాపం చాలాసేపట్నుంచి అలాగే ఉన్నారండీ అని అవతలివాళ్ళకి వివరిస్తుంది. పని అయ్యాక పక్కనున్న ఆ చిన్నపిల్ల తల్లితో, నాన్నకి చెప్పనులే అంటుంది.

ఆ సీన్‌లో అరుపుల్లేవు, కత్తుల్లేవు. మ్యూజిక్ కూడా లేదు. ఒక ఆడమనిషి ఫోన్ పట్టుకుని నిలబడింది, అంతే. కానీ ఆ నిమిషంలో నాకు పుట్టిన ఆదుర్దా పెద్ద పెద్ద ఛేజింగుల్లో పుట్టలేదు. ఎందుకంటే ఆమె ఏం చేసినా తనకి తప్పే. ముట్టుకుంటే ఆమె దేవుడికి కోపం, ముట్టుకోకపోతే ఆమె మనసు ఒప్పుకోదు.

ఆ తర్వాత కథ ముడిపడుతూ పోతుంది. ఓరోజు నాదెర్ ఇంటికొచ్చేసరికి తండ్రి మంచం మీద నుంచి కిందపడి ఉంటాడు, చెయ్యి మంచానికి కట్టేసి ఉంటుంది. రజియా బయటికి వెళ్ళింది. తిరిగొచ్చాక గొడవ, పైగా డబ్బు తీశావని నింద, తలుపు బయటికి తోసెయ్యడం. ఆమెకి గర్భస్రావం. నాలుగు నెలలు దాటిన గర్భం కాబట్టి అక్కడి చట్టం ప్రకారం హత్య కేసు. ఆమె గర్భిణి అని నాదెర్‌కి ముందే తెలుసా? ఆమె పడిపోయింది అతను తోసినందుకేనా? సినిమా అంతా ఈ రెండు ప్రశ్నల మీదే నడుస్తుంది. ఒక్కో పావుగంటకీ నా ఓటు మారుతూ వచ్చింది. ఒకసారి నాదెర్ వైపు, ఒకసారి రజియా వైపు, ఇంకోసారి అప్పుల్లో మునిగి ఊరికే మండిపడే ఆమె మొగుడి వైపు. ఇంతకీ ఆ డబ్బు సంగతి? ప్రేక్షకుడి కళ్ళ ముందే, మొదట్లోనే, సిమీన్ సొరుగులోంచి తీసి సామాను మోసేవాళ్ళకి ఇస్తుంది. మనం చూస్తాం, మర్చిపోతాం. ఫర్హాదీ మన దగ్గర దాచిందల్లా చాలా తక్కువ. చూసి కూడా గమనించకపోవడం మన వంతు.

హైదరాబాద్‌లో ఈ సినిమా చూడటానికి ఇరాన్ గురించి ఏమీ తెలియక్కర్లేదు. మియాపూర్ నుంచి మణికొండ దాకా ఏ గేటెడ్ కమ్యూనిటీకి వెళ్ళినా పొద్దున్నే గేటు దగ్గర వంటమనుషులు, ఆయాలు, ముసలివాళ్ళని చూసుకునే కేర్‌టేకర్లు వరసకట్టి ఉంటారు. సెక్యూరిటీ యాప్‌లో ఎంట్రీ పడితేనే లోపలికి పంపుతాడు. ఇంట్లో ఉంగరం కనపడకపోతే మొదట ఎవరి సంచీ వెతుకుతామో మనకి తెలుసు. కొడుకులు అమెరికాలో, తల్లిదండ్రులు ఇక్కడ, మధ్యలో నెల జీతం మీద ఒక పరాయి మనిషి. ఇన్ని రజియాలున్న ఊళ్ళో తెలుగులో ఆ కథ ఎవరూ ఎందుకు రాయలేదా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

సిడ్నీ లుమెట్ '12 యాంగ్రీ మెన్' (1957) గురించి రాయనివాళ్ళు లేరు కాబట్టి నేను ఎక్కువ రాయను. ఒకే గది, పన్నెండుమంది జ్యూరర్లు, తండ్రిని చంపాడన్న కేసులో ఒక కుర్రాడి ప్రాణం. మొదటి ఓటింగులో 11 మంది దోషి అంటారు, ఒక్కడు కాదంటాడు. అందరూ మెచ్చుకునేది ఆ ఒక్కడి తెగువని. నాకు మాత్రం అందులో గొప్పగా తోచేది వేరే: ఆ కుర్రాడు నిజంగా చంపాడా లేదా అన్నది సినిమా చివరికి కూడా చెప్పదు. సందేహం ఉందని మాత్రమే తేలుతుంది. గుండెల మీద బరువు తీసేసే ఫ్లాష్‌బ్యాక్ ఏదీ రాదు. ఇక కెమెరా పనితనం. మొదట్లో కంటి ఎత్తుకి పైనుంచి చూపిస్తారు, మధ్యలో కంటికి సమానంగా, చివరికొచ్చేసరికి కిందనుంచి. లెన్సులు కూడా మారుస్తూ పోతారు. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు, చివర్లో పైకప్పు నెత్తి మీదకి వచ్చినట్టు ఉంటుంది. మనకి తెలియకుండానే ఉక్కపోస్తుంది. గదిలో మాట్లాడుకుంటూ కూర్చుంటే సినిమా ఎలా అవుతుంది, అది నాటకం కదా అనేవాళ్ళు ఇదొక్కటి గమనిస్తూ చూడాలి.

ఇప్పుడు కొంచెం చిక్కులో పడే మాట చెప్తాను. 2025లో వచ్చిన తెలుగు 'కోర్ట్' నాకు నచ్చింది. రామ్ జగదీష్ మొదటి సినిమా అయినా చేయి తిరిగినవాడిలా తీశాడు. ప్రియదర్శి బాగా చేశాడు. మంగపతిగా శివాజీ కనిపించినప్పుడల్లా హాల్లో జనం పళ్ళు నూరడం నేను విన్నాను. డ్రామా పండింది, అందులో అనుమానం లేదు. కానీ ఆలోచింపజేసిందా? ఇక్కడ నేను జనంతో విభేదిస్తాను.

కథ 2013లో, విశాఖలో. పందొమ్మిదేళ్ళ వాచ్‌మన్ కొడుకు, పదిహేడేళ్ళ పెద్దింటి అమ్మాయి, ఇంటి పరువుకి తనే కాపలా అనుకునే మంగపతి, అతను పెట్టించిన పోక్సో కేసు. పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది 2012 నవంబర్‌లో. 18 ఏళ్ళ లోపు అమ్మాయి ఇష్టపడే వెళ్ళినా ఆ ఇష్టానికి చట్టంలో విలువ లేదు. అంతకుముందు ఐపీసీలో ఆ వయసు 16. పిల్లల్ని కాపాడటానికి తెచ్చిన చట్టం ఇద్దరు పిల్లల ప్రేమ మీద పడితే ఏమవుతుందన్నది చాలా బరువైన ప్రశ్న. దాన్ని ఎత్తుకున్నందుకే ఆ సినిమాకి దండం పెట్టొచ్చు. అయితే ఆ ప్రశ్నని మంగపతి తినేశాడు. అతను ఎంత దుర్మార్గుడంటే, కేసు పెట్టడమూ, సాక్ష్యాలు తయారుచెయ్యడమూ అన్నీ అతని అహంకారంలోంచి వచ్చినవే. కాబట్టి మనకి కోపం అతని మీదే. అతను ఓడిపోగానే సమస్య తీరిపోయినట్టు చప్పట్లు కొట్టి లేచొస్తాం.

అతని స్థానంలో ఒక మెతక తండ్రిని ఊహించుకోండి. ఏ చిట్‌ఫండ్ ఆఫీసులోనో గుమాస్తా. ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. కూతురు చదువుకోవాలని ఆశ. పదిహేడేళ్ళ పిల్ల రాత్రి ఇంటికి రాకపోతే భయపడి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాడు, అక్కడ వాళ్ళు రాయమన్నట్టు రాశాడు. ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. కేసు నిలబడింది. కుర్రాడు జైల్లో ఉన్నాడు. ఇప్పుడు చెప్పండి, ఎవరి మీద పళ్ళు నూరతారు? ఆ సినిమా చూసి ఇంటికొస్తే కన్నకూతురి మొహం వైపు చూడటానికి కూడా తటపటాయిస్తాం.

ఇదే పేరుతో 2014లో చైతన్య తమ్హానే మరాఠీలో ఒక 'కోర్ట్' తీశాడు. జాతీయ ఉత్తమ చిత్రం అయింది. ఒక వృద్ధ జానపద కళాకారుడి మీద కేసు: అతని పాట విని మ్యాన్‌హోల్‌లో దిగే ఒక కార్మికుడు ఆత్మహత్య చేసుకున్నాడట. కేసులో పస లేదని చూసేవాళ్ళకి మొదటి వాయిదాలోనే తెలిసిపోతుంది. మన సినిమాలో అయితే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కి వంకర నవ్వు ఒకటి పెట్టేవాళ్ళు. తమ్హానే ఏం చేశాడంటే, కోర్టు అయిపోయాక ఆమె వెనకే ఇంటికి వెళ్ళాడు. లోకల్ ట్రైన్‌లో పక్కావిడతో చీరల గురించీ, వంటనూనె గురించీ కబుర్లు. దారిలో పిల్లాణ్ణి తీసుకుని ఇంటికెళ్ళి వంట. సెలవు రోజు కుటుంబంతో నాటకానికి పోతుంది. అందులో బయటి రాష్ట్రం కుర్రాణ్ణి ఎగతాళి చేస్తుంటే హాలంతా నవ్వుతుంది, వీళ్ళూ నవ్వుతారు. మనకి తెలిసిన ఆవిడే. మన బ్యాంకులో, మన మండల ఆఫీసులో, బహుశా మన ఇంట్లోనే ఉంటుంది. జడ్జి కూడా చెడ్డవాడేం కాదు, స్లీవ్‌లెస్ వేసుకొచ్చిందని ఒకావిడ కేసు వినకుండా వాయిదా వేసే రకం. ఇంతమంది మామూలు మనుషులు కలిసి తమ డ్యూటీ తాము చేసుకుంటూ ఒక ముసలాయన్ని మళ్ళీ మళ్ళీ జైలుకి పంపుతారు. ఈ సినిమా నెమ్మదిగా ఉంటుంది, నిజమే. మా ఇంట్లో ఒకరు సగంలో నిద్రపోయారు కూడా. కానీ చూసిన మర్నాడు నేను ఏదో ఆఫీసు కౌంటర్ దగ్గర నిలబడి, కాగితం తిప్పి పంపించిన గుమాస్తా మొహాన్ని అంతకుముందెప్పుడూ చూడనంత పరీక్షగా చూశాను.

థ్రిల్లర్లని నేను చిన్నచూపు చూడటం లేదు. 'దృశ్యం' మాటే తీసుకుందాం. మలయాళంలో 2013, తెలుగులో 2014, వెంకటేష్ రాంబాబు. శవం ఎక్కడుందో తెలిసిన క్షణంలో థియేటర్ దద్దరిల్లిపోయింది (పదేళ్ళు దాటింది కాబట్టి ఇది చెప్పినా ఎవరూ తిట్టరనుకుంటాను). కానీ నాకు ఆ సినిమాలో అసలు డ్రామా దానికి కాస్త ముందే ఉంది. పోయిన కుర్రాడి తల్లిదండ్రులు, అప్పటికి ఆమె పోలీసు అధికారి కాదు, వట్టి తల్లి, రాంబాబు ముందు నిలబడి మా అబ్బాయి ఇక రాడా అన్నట్టు అడుగుతారు. నదియా మొహంలో అధికారమంతా కారిపోయి ఉంటుంది. మా అమ్మ అక్కడ "పాపం తల్లీ" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అంతవరకూ ఆ నదియానే తిట్టిన మనిషి మా అమ్మ. మన బిడ్డని కాపాడుకోవడానికి ఇంకొకరి బిడ్డ శవాన్ని కూడా దక్కనివ్వకపోవడం న్యాయమేనా అని సినిమా ఒక్క నిమిషం అడిగి, వెంటనే హీరో తెలివికి జేజేలు కొట్టించేసింది. ఇదే కథని చైనావాళ్ళు 2019లో తీసినప్పుడు చివర్లో హీరోయే వెళ్ళి లొంగిపోతాడు. అక్కడి లెక్కలు అక్కడివి, సెన్సారు ఒత్తిళ్ళ గురించి రకరకాలుగా చెప్పుకుంటారు. మన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లలో ఆ క్లైమాక్స్ వేస్తే సీట్లు చించేవాళ్ళు. అలాగని మనవాళ్ళకి నీతి తక్కువని కాదు. మొదటి నుంచీ ఒక పక్షానికే అంత మమకారం పోసి పెంచాక చివరి రీల్లో తూకం వెయ్యమంటే ఎవరు వేస్తారు?

ఈ మాటలన్నీ చెప్తే ఒక స్నేహితుడు గట్టిగానే దెబ్బలాడాడు. విద్యానగర్‌లో మేం తరచూ కూర్చునే ఇరానీ హోటల్లో, రెండో చాయ్ దగ్గర. "అన్నిటికీ రెండు పక్కలా న్యాయం ఉంటదా? కులం తక్కువోన్ని ప్రేమించిందని చంపేటోనికి కూడా ఒక కథ ఉందని వినాల్నా? విలన్ లేడు అంటే నేరమే లేదన్నట్టు. గది నీలాంటోళ్ళకి బాగుంటది, సచ్చినోని ఇంటోళ్ళకి కాదు." అతని మాటలో బలం ఉంది. 1938లో 'మాలపిల్ల' తీసిన గూడవల్లి రామబ్రహ్మం అటూ ఇటూ సమానంగా తూచుతూ కూర్చుంటే ఆ సినిమాకి అర్థమే ఉండేది కాదు. 1985లో 'ప్రతిఘటన'కి వచ్చిన ఆడవాళ్ళు రౌడీ మనసులో బాధ వినడానికి రాలేదు.

అతనికి నేనిచ్చిన జవాబు మారి సెల్వరాజ్ తమిళ సినిమా 'పరియేరుం పెరుమాళ్' (2018). తిరునెల్వేలి లా కాలేజీలో చేరిన దళిత కుర్రాడు, అతన్ని ఇష్టపడే పై కులం అమ్మాయి (మన వరంగల్ అమ్మాయి ఆనందే ఆ పాత్ర చేసింది). పెళ్ళికి పిలిచి ఆ కుర్రాణ్ణి గదిలో వేసి అమ్మాయి బంధువులు కొట్టి, మీద మూత్రం పోస్తారు. చూడలేం. అమ్మాయి తండ్రి అక్కడికి వచ్చి ఏడుస్తాడు. వీళ్ళు నిన్నూ చంపుతారు, నా కూతుర్నీ చంపుతారు, మా జోలికి రాకు అని వేడుకుంటాడు. ఆయన ప్రేమ నిజం, పిరికితనం నిజం, ఆ పిరికితనం వెనకున్న కులం కూడా నిజమే. దర్శకుడు ఎవరి పక్షమో ఒక్క ఫ్రేములో కూడా సందేహం రాదు. అయినా ఆ తండ్రిని రాక్షసుణ్ణి చెయ్యలేదు. చివర్లో బల్ల మీద రెండు టీ గ్లాసులు, మధ్యలో ఒక పువ్వు. ఏమో, రేపు మారుతుందేమో చూద్దాం అన్నట్టు ఆ తండ్రి మాట్లాడితే, మీరు మీరులాగే ఉన్నంతకాలం ఏదీ మారదని కుర్రాడు మర్యాదగానే చెప్తాడు. రాక్షసుడైతే సినిమా చూసే పై కులం తండ్రి 'నేను అలాంటివాణ్ణి కాదులే' అని తప్పించుకునేవాడు. ఈయన దగ్గర తప్పించుకోలేడు. విలన్ని తీసెయ్యమంటే నేరాన్ని తీసెయ్యమని కాదు, నేరం చూసేవాడి ఒళ్ళో పడేలా చెయ్యమని. స్నేహితుడు ఆ సినిమా చూశాడు, నాతో సగమే ఏకీభవించాడు. మిగతా సగం మీద ఇంకా దెబ్బలాడుకుంటూనే ఉన్నాం.

విలన్ లేనివన్నీ పరాయి భాషలవే, మనకి లేవా అంటే, ఉన్నాయి. 2023లో వేణు యెల్దండి తీసిన 'బలగం' అంతా నల్లిబొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన గొడవ. విందులో బావకి నల్లిబొక్క దగ్గర మర్యాద తగ్గింది, మాటా మాటా పెరిగింది, ఏళ్ళ తరబడి ఆడబిడ్డ పుట్టింటి గడప తొక్కలేదు. ఇంటి పెద్ద కొమురయ్య పోయాక, ఆయనకి పెట్టిన కూడు పిట్ట ముట్టదు. మూడోరోజు ముట్టదు, ఐదోరోజు ముట్టదు. కాకి అన్నం తింటుందా లేదా అన్నదాని మీద రెండు గంటలు జనాన్ని కూర్చోబెట్టాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను చూసిన ఆటలో కాకి గోడ మీద వాలినప్పుడల్లా వెనక వరసలోంచి "తినవే, తిను" అని ఎవరో గొణుగుతూనే ఉన్నారు. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ పాట ఎత్తుకునేసరికి ఆ గొణుగుడు కూడా ఆగిపోయి ముక్కులు చీదడమే వినిపించింది. తర్వాత ఊళ్ళకి ఊళ్ళు పంచాయతీ దగ్గర తెర కట్టుకుని ఆ సినిమా చూశాయి. ఎవరిది తప్పు? అలిగిన బావదా, పంతానికి పోయిన బావమరిదిదా? ఇద్దరూ మనవాళ్ళే. నాకు ఒక్క ఫిర్యాదుంది: చివర్లో అందరూ కలిసిపోవడం కాస్త తొందరగా అయిపోయింది. అన్నేళ్ళ పంతం ఒక్క పాటకి కరిగిపోతుందా అని వితండవాదం చెయ్యాలనిపించింది. పక్కసీట్లో మా ఆవిడ ఏడుస్తుంటే ఆ వాదన అక్కడితో ఆపేశాను.

హైదరాబాద్‌లోనే ఇలాంటి కథ ఒకటి కళ్ళ ముందు పడి ఉంది, ఎవరైనా తియ్యండి. 2020 అక్టోబర్ వానలకి కాలనీలకి కాలనీలు మునిగాయి, చెరువులు పూడ్చి ఇళ్ళు కట్టినందుకే అన్నారు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చింది, ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీళ్ళు చేరే హద్దు లోపల, ఉన్న కట్టడాలని కూల్చడం మొదలుపెట్టింది. ఒకాయన ఉన్నాడనుకోండి. రిజిస్ట్రేషన్ ఉంది, పర్మిషన్ కాగితం ఉంది, బ్యాంకు లోను ఉంది, ఇల్లు చెరువులో ఉంది. కూల్చడానికి వచ్చిన ఇంజినీరు చెల్లెలి ఇల్లు అదే చెరువు దిగువన 2020లో మునిగింది. బుల్డోజర్ స్టార్ట్ అయి ఉంది, ఇద్దరూ కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. ఇద్దరి కాగితాలూ సరైనవే. రెండు గంటలు కూర్చుని చూస్తాను నేను. ఒక్కటే షరతు, దయచేసి కబ్జా డాన్ని ఒకణ్ణి పెట్టొద్దు. వాడొచ్చాడంటే క్లైమాక్స్‌లో హీరో వాణ్ణి కొడతాడు, మేం ఈలలేసి పార్కింగ్‌లో బండి తీసుకుని ఇంటికెళ్ళిపోతాం.